చరిత్ర శాఖ కుర్చీ

ఆ కాలేజీలో చరిత్ర శాఖను చంపుతున్నది ఆవిడ మొగుడే. ఇందులో వాదనకు తావు లేదు.

కాలేజీ చిన్నది. రెండంతస్తుల పాత భవనం, వెనక లైబ్రరీ, గోడ పక్కనే ప్రిన్సిపాల్ ఇల్లు. సాహిత్యం, తత్వశాస్త్రం, సంగీతం, లెక్కలు, చరిత్ర చెబుతారు. ప్రవేశాల రోజున హాల్లో శాఖకో కుర్చీ, పక్కనే ఓ బెంచీ వేస్తారు. ప్రిన్సిపాల్ కాలేజీ గురించి నాలుగు ముక్కలు చెప్పాక, కొత్త పిల్లలు అధ్యాపకులందరితో మాట్లాడి, నచ్చినవారి పక్కన కూర్చుంటారు. ఎవరి పక్కన కూర్చుంటే వారి శాఖలో చేరినట్టు. "ఇదే మా ప్రత్యేకత" అంటాడు ప్రిన్సిపాల్. ఆయనే ఆవిడ భర్త. చరిత్ర చెప్పేది ఆవిడ.

సరిగ్గా ఆ గంటలోనే ఆవిడ వంటింట్లో ఉండేది. పిల్లల వెంట వచ్చిన తల్లిదండ్రులకు టీ కావాలి కదా. నేనూ హాల్లో ఉండాలని ఆవిడ ఏటా చెప్పేది. మొదటి ఏడు "ఈ ఒక్కసారికి" అన్నాడాయన. మరుసటి ఏడు ఆ మాట కూడా అనలేదు. "బయటి మనిషి పెడితే ఆ రుచి వస్తుందా? పైగా నీ మొగుడి కాలేజీయేగా" అంది అత్తగారు. పాలు పొంగకుండా కాపలా కాస్తూ, కిటికీలోంచి ఆయన గొంతు వినేది ఆవిడ. "మాది కాలేజీ కాదు, కుటుంబం." నిజమే అనుకునేది. కుటుంబమన్నాక ఒకరు పొయ్యి దగ్గర ఉండాలి, మిగతావాళ్ళు హాల్లో మాట్లాడుకోవాలి. ఆ ఒకరెవరో ఎవరూ అడగరు. ట్రే పట్టుకుని వచ్చేసరికి పిల్లలంతా ఎక్కడో ఒకచోట సర్దుకుని ఉండేవారు. ఒకసారి ఎవరి తల్లో కప్పు అందుకుంటూ "ఇక్కడ వంట మీరేనా?" అంది. చరిత్ర చెబుతానంటే ఆమెకు నవ్వొచ్చింది. మర్యాదకు ఆవిడా నవ్వింది.

నిరుడు ఆ కుర్చీ పక్కన ఒక్కరూ కూర్చోలేదు. "నేనేం చేయను? ఎవరూ రావడం లేదు. ఈసారీ ఇంతే అయితే మూసేద్దాం. నువ్వూ ఇంటిపట్టున విశ్రాంతిగా ఉండొచ్చు" అన్నాడు భర్త. విశ్రాంతి! ఆ మాటకు అర్థం ఆ ఇంట్లో ఆయనొక్కడికే తెలుసు.

ఈ ఏడు ఆవిడ మంచి చీర కట్టుకుని, తిన్నగా వెళ్ళి చరిత్ర కుర్చీలో కూర్చుంది. ఆయన ఉపన్యాసం ముగించి గబగబా దగ్గరికొచ్చాడు.

"టీ ఏదీ? అందరూ చూస్తున్నారు."

"పాలు ఫ్రిజ్‌లో ఉన్నాయండి. టీపొడి పొయ్యి పక్కనే."

"నాకు చేతనవుతుందా?"

"మీ డాక్టరేటు కంటే కష్టమేం కాదు. వెళ్ళండి."

పక్క కుర్చీలోంచి సంగీతం టీచరు గొంతెత్తింది. "సార్, నాకు చక్కెర తక్కువ!"

హాలు గొల్లుమంది. ఆయన వెళ్ళక తప్పలేదు.

ఒకమ్మాయి వచ్చి నిలబడింది. "చరిత్రంటే రాజులూ తేదీలేగా మేడమ్?"

"పొద్దున్నే ఈ హాలు ఎవరో తుడిచారు. ఎవరు?"

"తెలీదు."

"ఏ పుస్తకంలోనూ ఉండదు. అలాంటివాళ్ళను వెతికి పట్టుకోవడమూ చరిత్రే. వెతుకుతావా?"

అమ్మాయి కూర్చుంది. విన్నవాళ్ళు మరికొందరు వచ్చారు. బెంచీ చాలక కింద చతికిలబడ్డారు. మాడిన పాల వాసనతో ట్రే మోసుకొచ్చిన ప్రిన్సిపాల్ వాళ్ళను దాటలేక చుట్టూ తిరిగి వెళ్ళాల్సి వచ్చింది. ఆవిడ తల తిప్పి చూడలేదు. తీరిక లేదు. ఇక ఆ శాఖను మూసే ధైర్యం ఎవరికీ లేదు.

ఇంటికి రాగానే అత్తగారు అందుకుంది. "నలుగురిలో మొగుణ్ణి పొయ్యి దగ్గర నిలబెడతావటే?"

"ముందే ఒక్క మాట చెప్పి ఉండాల్సింది" అన్నాడు భర్త.

"ఏటా చెప్పాను. ఒక్కసారీ వినలేదు. ఇక దీని గురించి నేను మాట్లాడను."

ఆవిడ దాని గురించి మళ్ళీ ఎన్నడూ మాట్లాడలేదు.