బావగారి పరంజా

మేం కట్టుకుంటున్న ఇంటికి మా బావగారిని కాంట్రాక్టరుగా పెట్టుకోవద్దని నేను మొదట్నుంచీ మొత్తుకున్నాను. వింటేనా! మా ఆయనకు అన్నయ్య మాటంటే వేదవాక్కు. "సొంతవాడు కదే, మనల్ని మోసం చేస్తాడా?" అన్నారు. మోసం సంగతి దేవుడెరుగు, ఆ మనిషికి పనిమీద శ్రద్ధ లేదని ఆయన చేత ఇల్లు కట్టించుకున్న ఎవర్ని అడిగినా చెబుతారు.

ఆ ఉదయం మూడో అంతస్తుకు బయటవైపు రంగులు వేయడానికి పెయింటర్లు వచ్చారు. వాళ్ళు ఎక్కాల్సిన పరంజా వైపు తలెత్తి చూశాను. దాన్ని గోడకు పట్టి ఉంచే అడ్డపైపులు కిటికీ ఖాళీల్లోంచి లోపలికి వెళ్ళి బిగించి ఉండాలి. ఒక్కటంటే ఒక్కటి లేదు. కిటికీలకు చట్రాలు బిగించుకోవాలని ముందురోజు వడ్రంగి అడిగితే, బావగారు వాటన్నిటినీ ఊడదీయించి ఊరుకున్నారట. ఇప్పుడా పరంజా ఏ ఆధారమూ లేకుండా దాని మానాన అది నిలబడి ఉంది.

"బావగారూ, వీళ్ళని ఎక్కించకండి. ముందు పైపులు బిగించండి."

"నువ్వు లోపలికెళ్ళి నీ పని చూసుకోమ్మా. నా జుట్టు నెరిసింది ఈ పనిలోనే. నాకు చెప్పొచ్చావా?"

"జుట్టు నెరిస్తే చాలదండీ, కాస్త భయం కూడా ఉండాలి."

ఆయన మొహం కందగడ్డలా అయింది. మా ఆయన నా మోచెయ్యి పట్టుకుని, "ఊరుకోవే, నలుగురిలో" అని గొణిగారు. ఊరుకోవడమా! నాకు ఒళ్ళు మండిపోయింది.

"అంత ధీమాగా ఉంటే మీరే ఎక్కండి!"

ఎక్కారు మహానుభావులు! పంతం అలాంటిది మరి. పై పలక మీద నిలబడి కాలితో దబదబా తన్ని చూపించారు. పరంజా మొత్తం గోడ నుంచి జానెడు ఎడంగా జరిగి, మళ్ళీ వచ్చి గోడకు కొట్టుకుంది. ఆయన గబుక్కున నిలువు పైపును కావలించుకున్నారు. అయినా నోరు మాత్రం మూతపడలేదు.

"చూశారుగా, ఏమైంది? ఎక్కండర్రా!" అని పెయింటర్లను కేకేశారు.

వాళ్ళు కదల్లేదు. వాళ్ళలో పెద్దవాడు రంగుడబ్బా కింద పెట్టేశాడు.

అన్నయ్య పరువు పోతోందనిపించింది కాబోలు, మా ఆయన చెప్పులు విడిచి నిచ్చెన మీద కాలు పెట్టారు. "నేనొస్తున్నా అన్నయ్యా!" నేను చొక్కా పట్టుకుని లాగితే విదిలించుకున్నారు. ఇంకో రెండు మెట్లు ఎక్కారు.

"ఒరేయ్, ఎక్కకురా!" పైనుంచి బావగారు గొంతు చించుకుని అరిచారు. "నీకు పుణ్యముంటుంది, దిగరా! పడిపోతుందిరా ఇది!"

మా ఆయన అక్కడే ఆగిపోయారు.

"ఇప్పుడేగా సార్, మమ్మల్ని ఎక్కమన్నారు?" అన్నాడు పెద్ద పెయింటర్.

మా ఆయన ఒక్కో మెట్టూ దిగి, కదలకుండా నిచ్చెనను రెండు చేతులతో గట్టిగా పట్టుకున్నారు.

"మెల్లిగా దిగు అన్నయ్యా," అన్నారు. "దిగి ఇంటికెళ్ళు. మళ్ళీ మా ఇంటి పనికి రావద్దు."