ఉక్కు గోళీ పట్టిన వంక

తన పనికి వంక పెట్టే మొనగాడు ఇంకా పుట్టలేదని వడ్రంగి బల్ల గుద్ది చెప్పేవాడు. బల్లలు చేసేది ఆయనే కాబట్టి గుద్దడానికి కరువు లేదు.

ఆ ఆదివారం మధ్యాహ్నం మాత్రం చెయ్యి లేవలేదు. భార్య కొట్టులో నేలమీద చతికిలబడి, ఆయన చేసిచ్చిన వాలుబల్ల మీద ఉక్కు గోళీ దొర్లిస్తోంది. బడిలో ఆవిడది ఇంకా టెంపరరీ ఉద్యోగమే. రేపు పెద్ద మేడమ్ ఎదుట త్వరణం పాఠం చెప్పి మెప్పిస్తేనే పర్మనెంటు.

"త్వరణం అంటే త్వరగా వచ్చే రణమా?"

"మీరిలాగే వాగితే ఇప్పుడే వస్తుంది. టక్కుమనిపించండి!"

గడియారం ముల్లు కదిలినప్పుడల్లా ఆయన సుత్తితో టక్కుమనిపించాలి. అప్పుడు గోళీ ఎక్కడుంటే అక్కడ ఆవిడ సుద్దగీత గీయాలి. మొదటి టక్కుకి ఒక వంతు దూరం దొర్లితే రెండోదానికి మూడు వంతులు, ఆపై ఐదు రావాలి. వేగం పెరగాలిగానీ పెరిగే తీరు మారకూడదు. గోళీ మాత్రం మొదట బద్ధకించి, తర్వాత నాలుగు, ఎనిమిది వంతులంటూ ఉరుకుతోంది.

"గీతలే గీయలేనిదాన్ని, పాఠమేం చెబుతాను?" ఆవిడ సుద్దముక్క పక్కన పడేసింది.

ఆయన మనసు చివుక్కుమంది. వంగి, ఒక కన్ను మూసి బల్ల వెంబడి చూశాడు. మొహం మాడిపోయింది.

"గీతలు బంగారంలా ఉన్నాయే. అరలు చేసీ చేసీ నా అరచెయ్యే అలవాటు పడిపోయింది. పుస్తకాల బరువుకి కుంగుతుందని, కాస్త వంపున్న చెక్క ఏరి వంపు పైకి పెడతాం. దీనికీ అలాగే పెట్టేశాను. పైన వాలు తక్కువ, కింద ఎక్కువ."

ఆవిడ కళ్లు తుడుచుకుంది. "అంటే పాపం, ఈ బల్ల బరువు కోసం ఎదురుచూస్తోందన్నమాట!"

పనిముట్ల సంచి తెచ్చి బల్ల నడుముకి కింద వేలాడగట్టింది. ఆయన బల్ల పొడవునా దారం లాగి పట్టి చూస్తూ, చెక్క చదునయ్యేదాకా ఒక్కో ఉలీ సంచిలో వేశాడు. ఈసారి గోళీ బుద్ధిగా దొర్లింది. ఒకటి, మూడు, ఐదు.

మర్నాడు క్లాసులో సుత్తి డ్యూటీ ఆయనదే. గీతలన్నీ కుదిరాక పెద్ద మేడమ్ కిందికి వంగింది. "ఈ సంచి ఏమిటి?"

"చెక్కలో వంపుందండీ. కొలిస్తే తెలిసింది," అంది ఆవిడ. ఎవరి తప్పో చెప్పలేదు.

ఆయన ఉండబట్టలేక పక్కనున్న బల్ల గుద్దాడు. "వంక నాది మేడమ్! పట్టుకున్నది ఆవిడ కొలత!"

పిల్లలు ఘొల్లుమన్నారు. పెద్ద మేడమ్ నవ్వాపుకుంటూ ఆవిడ వైపు తిరిగింది.

"రేపు ఆఫీసుకొచ్చి పర్మనెంటు ఆర్డరు తీసుకోండి. ఈయన్ని మాత్రం తీసుకురాకండి, మా బల్లలు పాతవి."