అలక ఎరుగని మొగుడు

లుదివీనా అలిగింది. అలిగి మూడో వారం నడుస్తోంది. ఆ సంగతి అలాస్కాలో ఆ రేవు ఊరి చేపల ఫ్యాక్టరీలో పనిచేసే ఫిలిప్పీనో ఆడవాళ్లందరికీ తెలుసు, ఒక్క ఆమె మొగుడికి తప్ప.

కారణం చిన్నదేమీ కాదు. అక్కడ ఫిలిప్పీన్స్‌లో, సొంతూరు ఇలోకోస్‌లో ఆమె తండ్రి పోయాడు. వెళ్లే వీలు లేక, ఇక్కడే ఇంట్లో ఆయన ఫోటో ముందు తొమ్మిది సాయంత్రాల ప్రార్థన పెట్టుకుంది. ఆమె అమెరికన్ మొగుడు వెర్న్ ఎనిమిది సాయంత్రాలూ వచ్చినవాళ్లకు కుర్చీలు వేశాడు, కాఫీలు అందించాడు. తొమ్మిదో రోజు పొద్దున హాలిబట్ చేప బాగా పడుతోందని కబురొస్తే పడవెక్కి పోయాడు. ఎనిమిది రోజులున్నాను కదా, ఒక్కరోజు తగ్గితే ఏమవుతుందనుకున్నాడు పాపం. ఆ తొమ్మిదో రోజే అసలు రోజని, ఆ రోజు అల్లుడు లేకపోతే పోయినాయనకు అవమానమని అతనికి ఎవరు చెప్పాలి? లుదివీనా చెప్పలేదు. చెప్పించుకుని చేసేది మర్యాద ఎలా అవుతుంది?

సముద్రం మీంచి వచ్చి, "ఏమైంది, లూ?" అని అడిగాడు.

"ఏం లేదు" అంది.

ఆడది ఏం లేదన్నదంటే చాలా ఉందని ఆ ద్వీపాల్లో బొడ్డూడని పిల్లాడికి కూడా తెలుసు. వెర్న్ మాత్రం నమ్మేశాడు.

లుదివీనా తండ్రి ఇలా నమ్మే రకమైతే ఆ ఇంట్లో ఏడుగురు పిల్లలు పుట్టేవాళ్లే కాదు. అమ్మ అలిగితే ఆయన ఆమె వంటింట్లోకి వెళితే వంటింట్లోకీ, పెరట్లోకి వెళితే పెరట్లోకీ వెంటపడి తిరిగేవాడు. ఏవో పిచ్చి కబుర్లు చెప్పేవాడు. ఆమె నవ్వేదాకా వదిలేవాడు కాదు. అలిగినవాళ్ల పని మొహం తిప్పుకోవడం, రెండోవాళ్ల పని బతిమాలడం. ఇందులో తెలియనిదేముంది?

లుదివీనా తన వంతు పని శ్రద్ధగానే చేసింది. వండి బల్ల మీద పెట్టి, గదిలోకి వెళ్లి గోడవైపు తిరిగి పడుకునేది. తలుపు మాత్రం ఓరగా తీసి ఉంచేది. వెర్న్ మునివేళ్ల మీద నడిచొచ్చి, ఆమె నిద్ర పాడవకుండా ఆ తలుపు నెమ్మదిగా మూసి పోయేవాడు. ఇలాంటి మొగుడిని ఏం చెయ్యాలి? వారం గడిచాక దుప్పటి చంకలో పెట్టుకుని పడవలో పడుకోవడానికి వెళ్లిపోయాడు. ఆ రోజు ఆమెకు నిజంగానే భయం వేసింది. అయినా నోరు విప్పలేదు.

ఈలోగా కాగితాల గడువు ముంచుకొచ్చింది. పెళ్లితో వచ్చిన గ్రీన్‌కార్డు రెండేళ్లదే. కాపురం నిజమైనదని మొగుడూ పెళ్లాం కలిసి సంతకాలు చేస్తే షరతు తొలగి పక్కా కార్డు వస్తుంది. చర్చి వెనక గదిలో ఆ దరఖాస్తులు చూసే ఎస్తేలా ఇద్దరినీ రమ్మంది. ఎస్తేలా కూడా ఇలోకోస్ మనిషే, లుదివీనాకు అక్క వరస.

"నీ కూతురు జెస్సా ఈ దేశానికి నీ తర్వాత ఐదు నెలలకి వచ్చింది. మూడు నెలల్లోపు వచ్చి ఉంటే నీ దాంట్లోనే చేరేది, దాటింది కాబట్టి దానికి వేరే దరఖాస్తు పెట్టాలి. దాని మీదా వెర్న్ సంతకం కావాలి" అంది ఎస్తేలా.

వెర్న్ టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. "అదే మాట్లాడదామని వచ్చాను. విడాకులైపోతే తను ఒక్కతే పెట్టుకోవచ్చట కదా. కాపురం నిజమేనని నేను రాసిస్తా. జెస్సాకీ రాసిస్తా. వాళ్లకి మాత్రం ఏ ఇబ్బందీ రాకూడదు."

నవ్వించడానికి రాని మనిషి విడాకులివ్వడానికి వచ్చాడు.

ఎస్తేలా తమ భాషలో, "ఏమే, వదిలి పోతానన్నావా?" అని గదిమింది.

"నేనేం అన్లేదక్కా."

"ఏం అన్లేదా? అదే కొంప ముంచింది." వెర్న్ వైపు తిరిగింది. "పోతానని నీతో ఎవరన్నారయ్యా?"

"ఎవరూ అనలేదు. మా అమ్మ ఒక చలికాలమంతా నాన్నతో మాట్లాడలేదు. మంచు కరిగేసరికి వెళ్లిపోయింది. అన్నాళ్లూ నాన్న ఆవిడ గది తలుపు బాదుతూనే ఉన్నాడు. నన్ను వద్దనుకున్న మనిషి తలుపు నేను బాదకూడదని అప్పుడే అనుకున్నా."

లుదివీనా అతని చేతుల వైపు చూసింది. ఇన్ని రోజులూ తనమీద ప్రేమ లేక మూశాడనుకున్న తలుపు, ప్రేమ ఉండే మూశాడు. ఇప్పుడు తను మాట్లాడకపోతే ఈ వెర్రిబాగులవాడు మర్యాదగా విడాకులిచ్చి మరీ వెళ్లిపోతాడు. మాట్లాడితే పరువు పోతుంది. అలిగానని నోటితో చెప్పుకున్న ఆడది వాళ్ల వంశంలోనే లేదు.

"నేను అలిగాను" అంది.

"అంటే?"

"అంటే పోతానని కాదు. నువ్వు రావాలని."

"వచ్చి?"

"బతిమాలాలి."

"ఎన్నాళ్లు?"

"నాకు నవ్వొచ్చేదాకా." ఆ తర్వాత తొమ్మిదో రోజు సంగతంతా చెప్పింది. నాన్నకి చివరి మర్యాద దక్కలేదంది.

వెర్న్ మొహం పాలిపోయింది. "నాకు తెలీదు, లూ. నేనడిగాను కదా."

"ఒక్కసారే అడిగావు."

ఎస్తేలా గొంతు సవరించుకుంది. "ఇంతకీ కలిసా, విడిగానా? బయట జనం ఉన్నారు."

వెర్న్ ఆమె వైపే చూస్తున్నాడు.

"కలిసే. కానీ నా అలక ఇంకా తీరలేదు" అంది లుదివీనా. సంతకం చేసి, కలం అతని ముందుకు తోసి, మొహం అటు తిప్పేసుకుంది.

వెర్న్ కలం ముట్టుకోలేదు. లేచి బల్ల చుట్టూ తిరిగి వెళ్లి, బీరువాకీ గోడకీ మధ్య ఆ భారీ ఒంటిని ఇరికించుకుని ఆమె మొహానికి ఎదురుగా నిలబడ్డాడు.

"మీ నాన్నని క్షమించమని ఎలా అడగాలో నేర్పు. మళ్లీ తొమ్మిది రోజులూ కూర్చోమంటే కూర్చుంటా" అన్నాడు.

ఆమెకు నవ్వు రాలేదు. తండ్రి పోయిన కబురు విన్ననాడు కూడా రానంత ఏడుపు వచ్చింది. వెర్న్ కంగారుగా ఎస్తేలా వైపు చూశాడు, ఇప్పుడు తను పక్కకి తప్పుకోవాలేమోనని.

"కదిలావంటే చంపుతా" అని అతనికి చెప్పి, ఎస్తేలా బయటున్నవాళ్లను కాఫీ తాగి రమ్మనడానికి వెళ్లింది.