తివాచీ పరిచిన నేల

వింటన్‌కి చెవులు వినిపించవన్న సంగతి హాలీవుడ్ మొత్తంలో కోరా ఒక్కదానికే తెలుసు.

పెళ్లయిన నాటినుంచీ భర్తని న్యూయార్క్ నాటకాల్లోనే చూసిందామె. చెవులు పోయాక, చివర్లో అతను నాటకాలు నెట్టుకొచ్చింది నేల సాయంతోనే. చెక్క వేదిక మీద ఎవరు అడుగు వేసినా అతని అరికాళ్లకి తెలిసిపోయేది. మాటలు పెదవులు చూసి పోల్చుకునేవాడు. గొంతు మాత్రం చెక్కుచెదరలేదు. సినిమాలకి మాటలొచ్చాక ఆ గొంతు కోసమే స్టూడియోవాళ్లు రైలు టికెట్లు పంపి మరీ పిలిపించారు.

తీరా వస్తే ఇక్కడ నేలంతా మందపాటి తివాచీలు. గోడలకి దుప్పట్లు. చీమ చిటుక్కుమన్నా మైకు పట్టేస్తుందట. మొదటిరోజు సెట్టులో అడుగు పెట్టగానే వింటన్ మొహం పాలిపోయింది.

"నేల చచ్చిపోయింది కోరా" అన్నాడు.

చెవుడు బయటపడితే ఈ సినిమా పోతుంది. కబురు న్యూయార్క్ చేరితే ఏ నాటక కంపెనీ కూడా గుమ్మం తొక్కనివ్వదు. అందుకే కోరా రోజూ కాఫీ ఫ్లాస్కుతో వచ్చి, అతనికి కనబడేచోట కూర్చుంటోంది.

"నీ మొహం చూసే నేను నడుచుకోవాలి. నువ్వు బెదిరావంటే నేను తడబడతాను. నవ్వుతూ ఉండు" అని మరీమరీ చెప్పాడు.

"కాపలా కాస్తున్నావా అమ్మా? మీ ఆయన్ని ఎవరూ ఎత్తుకుపోరులే" అని డైరెక్టర్ మెక్‌బ్రైడ్ ఎగతాళి చేసేవాడు.

"మీ క్యాంటీను కాఫీ తాగి గొంతు పోతే అప్పుడు మీరే ఏడవాలి" అని నవ్వేసేది కోరా. ఇంటికెళ్లాక దవడలు నొప్పెట్టేవి.

ఆ మధ్యాహ్నం కోర్టు సీను అయింది. అప్పుడే మాటలు పట్టిన మైనపు రికార్డు వేయమన్నాడు మెక్‌బ్రైడ్. అందరూ లౌడ్‌స్పీకరు దగ్గర మూగారు. వింటన్ కూడా చేతులు కట్టుకుని, తల వంచి, శ్రద్ధగా నిలబడ్డాడు. కాసేపటికి తలూపాడు.

"మొదట్లో కాస్త గట్టిగా పలికాను. మిగతాదంతా బాగుంది."

అందరూ అతని వైపు తిరిగారు. లౌడ్‌స్పీకరు ఇంకా పలకనే లేదు. తీగ ఊడితే లోపలివాళ్లు బిగిస్తున్నారు.

కోరా పకపకా నవ్వింది.

"చూశారా పొగరు! తన గొంతు ఎలా ఉందో వినక్కర్లేదు ఈయనకి. ఇంట్లోనూ ఇదే వరస."

అందరూ గొల్లున నవ్వారు. ఆమెని చూసి వింటన్ కూడా నవ్వాడు. అంతలో లౌడ్‌స్పీకరు గరగరలాడింది. అందరి చూపూ అటు తిరిగింది.

మెక్‌బ్రైడ్ ఒక్కడే నవ్వలేదు. అతను తాపీగా నడిచి వింటన్ వెనక్కి వెళ్లి నిలబడ్డాడు.

"వింటన్" అని పిలిచాడు, మామూలుగానే.

కోరా సైగ చేద్దామంటే మెక్‌బ్రైడ్ చూపు ఆమె మీదే ఉంది.

"వింటన్, నీ నెత్తిమీద లైటు ఊడిపోతోంది. పక్కకి జరుగు."

పైన లైటు కదలకుండానే ఉంది. కోరా మడమతో నేలని బలంగా తన్నింది. తివాచీ ఆ దెబ్బని మింగేసింది.

వింటన్ ఆమెనే చూస్తున్నాడు. ఆమె పెదవుల మీద అలవాటైపోయిన ఆ నవ్వు ఇంకా దిగలేదు. గండం గడిచిందనుకుని, ఆమె వైపు కన్ను గీటాడు.