మంచినీళ్ళ మీద ఎర్రచుక్కలు

బిందెల్లో నీళ్ళు ఒడ్డున పారబోస్తుంటే నేను అక్కడే ఉన్నాను.

"అయ్యో, తాగేనీళ్ళు బాబూ! తెల్లారకుండా నాలుగు మైళ్ళు పోయి తెచ్చుకున్నాం. బిందెలు దించుకోనివ్వండి!" అని సువార్తమ్మ మొత్తుకుంటోంది. కానిస్టేబుల్ వినిపించుకోలేదు. ఆరు బిందెలూ బురదలో బోర్లించాడు. ఖాళీ పడవని నలుగురు లాగి లారీ ఎక్కించారు. ఆకివీడు దగ్గర ఉప్పుటేటి ఒడ్డున ఆ రోజు పదిహేడు పడవలు అలాగే పట్టుకుపోయారు. ఏ పడవ పట్టుకోవాలో చెప్పే జాబితా నా చేతిలోనే ఉంది. దాన్ని తయారుచేసిందీ నేనే.

అందుకని మిత్రులారా, ముందు నన్ను తిట్టుకోండి. ఆ తరవాత వినండి.

అది 2008. ఏలూరులో ఒక ప్రాజెక్టు ఆఫీసులో నాది కాంట్రాక్టు ఉద్యోగం. ఉప్పుటేటిలో పీతలు తగ్గిపోతున్నాయి, ఏ పడవ ఎంతసేపు వేటాడుతోందో తేల్చమన్నారు. ఏటి మధ్య లంకలో ఉన్న నలభై పడవలకీ జీపీఎస్ పెట్టెలు బిగించాను. పడవ ఎక్కడుందో, ఎంత వేగంగా పోతోందో పెట్టె ఐదు నిమిషాలకోసారి రాసుకుంటుంది. పడవ మెల్లగా కదిలితే వలలు ఎత్తుతున్నట్టు, అంటే వేట. జోరుగా పోతే ఉత్త ప్రయాణం. వేట అనుకున్న చోటల్లా పటం మీద ఎర్రచుక్క పెట్టాలి. "మీ మంచికేనండీ" అని ఇంటింటికీ తిరిగి చెప్పాను. నమ్మారు. సువార్తమ్మ పీతల ఇగురుతో అన్నం కూడా పెట్టింది.

మూడోవారానికే తప్పు నా కంటపడింది. మంచినీళ్ళ చెరువు నుంచి వచ్చే దారిలో రోజూ పొద్దున్నే వరసగా ఎర్రచుక్కలు! అక్కడ వల వేసేవాడే లేడు. ఉప్పుటేటి నీళ్ళు నోట పెట్టలేరు కాబట్టి ఆడవాళ్ళు చెరువునీళ్ళు తెచ్చుకుంటారు. నిండు బిందెలు తొణక్కుండా పడవ మెల్లగా నడుపుతారు, అంతే. ఆ పడవలో నేనూ కూర్చున్నాను, ఆ నీళ్ళూ తాగాను. మా ఆఫీసరు సత్యానందంగారికి చెబితే, "అవన్నీ ఏరుతూ కూర్చుంటే రిపోర్టు ఎప్పుడిస్తామయ్యా? ఉండనీ" అన్నారు. నేను నోరు మూసుకున్నాను. మార్చిలో నా ఉద్యోగం పొడిగించాలి మరి. ఛీ, ఏం బతుకు నాది!

లంకవాళ్ళ పడవలే పీతల్ని ఊడ్చేస్తున్నాయని ఆ రిపోర్టు చూపించి పై అధికారులు తేల్చేశారు. ఎక్కువ చుక్కలున్న పదిహేడు పడవల్ని పోలీసులతో పట్టించి, ఏటిని చేపల చెరువుల ఆసామి అబ్బాయిరాజుకి లీజుకిచ్చారు.

ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి ముందు లంకంతా కూర్చుంది. నేను వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పేశాను. వేటగాళ్ళ సంఘం పెద్ద ఎలీయాజరు నా చొక్కా పట్టుకున్నాడు.

"నీళ్ళ పడవని వేటపడవని రాశావా? తెలిసే రాశావా?"

"తెలిసేనండీ."

"వీణ్ణి ఏట్లో ముంచండ్రా!"

"ముంచితే పడవలొస్తాయేంటి?" సువార్తమ్మ అడ్డొచ్చింది. నావంక చూడనైనా చూడలేదు. "ఆ పెట్టె లెక్కేంటో మనకి చెప్పమనండి. ఇన్నాళ్ళూ మన గురించి వాళ్ళే రాసుకున్నారు."

పటం నేలమీద పరిచాను. అందరూ చుట్టూ మూగారు.

"ఇది మా కోడల్ని కాన్పుకి తీసుకెళ్ళిన రోజు" అంది అచ్చమ్మ.

"ఇది మా నాన్నని సమాధుల దొడ్డికి తీసుకెళ్ళిన దారి" అన్నాడు యోబు.

ఆ చుక్కలన్నీ నా చేత్తో పెట్టినవే.

కోర్టుకెళ్దామని కొందరు, ఈలోగా అబ్బాయిరాజుగారి మనుషులు ఏటికి అడ్డంగా వల కట్టేస్తారని కొందరు కేకలేసుకున్నారు. చివరికి అంతా ఒక్క మాట మీదికొచ్చారు.

సోమవారం పొద్దున, ఏటిని అబ్బాయిరాజుకి అప్పగించే రేవుకి మిగిలిన ఇరవైమూడు పడవలూ మెల్లగా వచ్చాయి. ఒక్కదాన్లోనూ వల లేదు. అన్నిట్లోనూ నిండు బిందెలు. ఎలీయాజరు పెట్టెలు ఊడదీసి సత్యానందంగారి ముందు పెట్టాడు.

"చదవండయ్యా."

ఆయన కదల్లేదు. లాప్‌టాప్‌ నేనే తెరిచి పెట్టెల్లో లెక్క ఎక్కించాను. లంక నుంచి రేవు దాకా ఎర్రచుక్కలే.

"మీ లెక్కన ఇప్పటిదాకా వేటాడామండీ. పీతలేవీ, చూపించండి!" అంది సువార్తమ్మ. రేవంతా అదే అడిగింది.

"నిరంజన్, నీకు మతిపోయిందా?" అన్నారు సత్యానందంగారు.

"ఇది తప్పని నాకు ముందే తెలుసండీ. మీకూ తెలుసు" అని అందరూ వినేలా అన్నాను.

అబ్బాయిరాజు బందోబస్తుకొచ్చిన ఎస్సైకి సైగ చేశాడు. ఎలీయాజరునీ నన్నూ జీపు దగ్గరికి ఈడ్చుకెళ్ళారు. నేను సువార్తమ్మ కాళ్ళ మీద పడబోయాను.

"లే అబ్బాయ్. నా పడవ తిరిగొచ్చేదాకా నిన్ను క్షమించేది లేదు. స్టేషన్లోనూ ఇదే మాట చెప్పు."

"చెబుతానండీ."

జీపు కదిలింది. ఏటిగట్టు మీదే రోడ్డు. వెనక్కి తిరిగి చూస్తే ఇరవైమూడు పడవలూ మా వెంటే వస్తున్నాయి. అచ్చమ్మ ఒంగి ఒంగి గెడ వేస్తోంది. బిందెలు తొణికి నీళ్ళు చీరల మీద పడుతున్నాయి. ఈసారి ఎవరూ పడవ మెల్లగా నడపలేదు.