గాడిదపిల్ల ఆరేదాకా

చిట్టియ్య గాడిదపిల్ల ఒంటికి బూడిదరంగు పూసి, పెన్ను బల్ల మీద పెట్టి, చొక్కా తగిలించుకుని టీకొట్టుకు వెళ్ళిపోయాడు. తిరిగొచ్చేసరికి ఆ బొమ్మ ఉన్న ట్యాబ్ ముందు కూతురు కృపారాణి నిలబడి ఉంది.

"సగంలో వదిలేసి ఎక్కడికెళ్ళావు నాన్నా?"

"ఆరొద్దా మరి?"

"ఏంటి ఆరేది?"

"రంగు."

కృపారాణి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది గాని నవ్వు ఆగలేదు. వంటింట్లోంచి భార్య సూరమ్మ, "ఎండలో పెట్టవే, తొందరగా ఆరుద్ది" అంది.

చిట్టియ్యకు ఒళ్ళు మండింది. మీసం వచ్చిన నాటి నుంచీ మండపేటలో లారీలకు బొమ్మలేసిన చెయ్యి అది. మిల్లుల ముందు బారుగా నిలబడ్డ లారీల్లో ఏ వెనక డోరు చూసినా అతని నెమలో, అతని పులో, అతని ఆవూదూడో కనిపించేవి. ఎనామిల్ రంగు ఒకటి వేశాక అది ఆరేదాకా రెండోది ముట్టుకోకూడదు. ముట్టుకుంటే రెండూ కలిసి బురదైపోతాయి. అలా ఆగడం అతని ఒంట్లోకి ఇంకిపోయింది. తరవాత స్టిక్కర్లొచ్చాయి, ఫ్లెక్సీలొచ్చాయి. ఇప్పుడతనికి లారీల మీద నంబర్లు రాసే పని తప్ప బొమ్మల పని లేదు.

ఈ గాడిదపిల్ల కృపారాణి తెచ్చిపెట్టినది. ఆమె బళ్ళో టీచరు. వేసవి సెలవుల్లో లూథరన్ చర్చిలో పిల్లలకు పెట్టే బైబిలు తరగతులు, వీబీఎస్, ఆమే నడుపుతుంది. ఈసారి కథ, యేసు ప్రభువును యెరూషలేముకు మోసుకెళ్ళిన గాడిదపిల్లది. పిల్లల టీషర్టుల మీద ఆ గాడిదపిల్ల ఉండాలి. చర్చి కమిటీ సెక్రటరీ శ్యాంబాబు గారు ఇంటర్నెట్లోంచి ఒకదాన్ని దించుకొచ్చి, మీటింగులో అందరికీ సెల్లులో చూపించారు. టోపీ పెట్టుకుని, పళ్ళన్నీ బయటపెట్టి నవ్వే గాడిద.

"మా నాన్న వేస్తారండి," అంది కృపారాణి లేచి.

"ప్రింటు వాళ్ళకి ఫైలు ఇవ్వాలమ్మా. మీ నాన్నగారేమో లారీ మీద వేస్తారు. లారీని పట్టుకెళ్ళి ఇస్తావా?" అన్నారు శ్యాంబాబు గారు. కమిటీ అంతా నవ్వింది. పాస్టరు గారు మాత్రం నవ్వకుండా, "శనివారం సాయంత్రం దాకా చూద్దాం. అప్పటికీ రాకపోతే శ్యాంబాబు గారిదే" అన్నారు.

ఆ నవ్వు సంగతి సూరమ్మ ద్వారా చిట్టియ్య చెవిన పడింది. తెల్లారగానే కూతురి ట్యాబ్ పట్టుకుని కూర్చున్నాడు. ఇవాళే శనివారం.

ఇందులో రంగు ఆరనక్కర్లేదని తెలిశాక అసలు గొడవ మొదలైంది. గీత నచ్చకపోతే ఒక మూల చిన్న బాణం ఉంది, నొక్కితే గీసింది పోతుంది. చిట్టియ్య ఎడమ చెవి నిటారుగా పెట్టాడు. బాణం నొక్కాడు. వాల్చాడు. నొక్కాడు. కాళ్ళు పొట్టివి చేశాడు, పొడుగు చేశాడు. కళ్ళు పెద్దవి చేస్తే కుందేలులా ఉంది, చిన్నవి చేస్తే ఎలుకలా ఉంది. ఒక గీత గీసేలోపే రెండోది తోస్తోంది, రెండోది పూర్తికాకుండానే మొదటిదే బావుందనిపిస్తోంది. కుర్చీలో కూర్చున్నాడు, మంచం మీదకి మారాడు, అరుగు మీదకెళ్ళాడు. కరెంటు పోయి ఫ్యాను ఆగినా గమనించలేదు. బనీను వీపుకి అతుక్కుపోయింది.

"అన్నం తినవయ్యా, గాడిదెక్కడికీ పోదు," అంది సూరమ్మ.

"పోదే! అదే వచ్చిన తంటా," అన్నాడు చిట్టియ్య.

ఎండ తగ్గుముఖం పట్టింది. కృపారాణి సెల్లు మోగింది. శ్యాంబాబు గారే. "ఏమ్మా, పుట్టిందా మీ గాడిద? నాది రెడీగా ఉంది మరి." ఆమె "ఇదిగో ఇప్పుడేనండి" అని పెట్టేసి, తండ్రి పక్కన కూలబడింది. ట్యాబ్‌లో ఆ క్షణాన ఉన్నది గాడిదా కాదు, గుర్రమూ కాదు. దిద్దీ దిద్దీ మొహమంతా సబ్బుతో తోమినట్టు నున్నగా అయిపోయింది.

"నాన్నా, పొద్దుట్నుంచీ నువ్వు వేసిందంతా ఇందులో సినిమాలా చూడొచ్చు. చూస్తావా?"

చూశారు. గాడిదపిల్ల పుడుతోంది, చెవులు మొలుస్తున్నాయి, రాలిపోతున్నాయి, కాళ్ళు సాగుతున్నాయి, ముడుచుకుంటున్నాయి. చిట్టియ్యకు తల తిరిగినట్టయింది. ఉన్నట్టుండి, "ఆపు!" అని అరిచాడు.

అక్కడ ఒక గాడిదపిల్ల ఉంది. ఎడమ చెవి సగం వాలి, మెడ కొంచెం పక్కకి తిప్పి, నాలుగు కాళ్ళూ నేలకి తన్నిపెట్టి నిలబడింది. వీపు మీద మొదటిసారి బరువు పడితే, ఎవరా అని వెనక్కి చూడబోతున్నట్టుంది.

"ఇదెప్పుడు వేశానే?"

"భోజనాల ముందు. చెరిపేసి మళ్ళీ మొదలెట్టావు."

"ఎందుకు చెరిపాను?"

"నన్నడిగితే?"

అతను బొమ్మ వంకే చూస్తూ ఉండిపోయాడు. లారీ అయితే రంగు ఆరేలోపు రోడ్డు దాటి, అవతల గట్టు మీద గొంతుకూర్చుని బీడీ కాలుస్తూ చూసేవాడు. ఏది తప్పో ఏది ఒప్పో అక్కడ తెలిసేది. పొద్దుట్నుంచీ వేస్తూనే ఉన్నాడు గాని, ఒక్కసారీ చూడలేదు.

"దీన్ని వెనక్కి తేలేవా?"

"ఇది వీడియో మాత్రమే నాన్నా. అసలు బొమ్మ అంత వెనక్కి వెళ్ళదు. మళ్ళీ వేయాల్సిందే."

మళ్ళీ వేశాడు. కూతురు సెల్లులో ఆ బొమ్మను ఫొటో తీసి ఎదురుగా పట్టుకుంటే, దాన్ని చూస్తూ, అడుగడుక్కీ పెన్ను కింద పెట్టి చేతులు కట్టుకుంటూ వేశాడు. మెడ కుదిరింది. కాళ్ళు కుదిరాయి. చెవి కూడా కుదిరినట్టే ఉంది. కుదిరిందనుకోగానే వేలు మళ్ళీ బాణం వైపు పాకింది.

"ఒద్దు నాన్నా!"

"చెవి ఒక్కటేనే, ఒక్క చిటికె."

సూరమ్మ గుమ్మంలోకొచ్చింది. "లారీలకేసేటప్పుడు ఎలా ఆపేవోడివయ్యా?"

చిట్టియ్య వేలు వెనక్కి తీసుకున్నాడు. ఆలోచిస్తే తను ఎప్పుడూ ఆపలేదు. డ్రైవరొచ్చి, ధాన్యం లోడుంది గురువు గారూ అని బండెక్కేవాడు. తోక దగ్గర ఇంకో గీత పెడుతుండగానే ఇంజను స్టార్టయ్యేది. బొమ్మ అతని చేతిలోంచి కదిలి వెళ్ళిపోయేది. తిట్టుకుంటూ కుంచె కిరసనాయిల్లో ముంచుకునేవాడు.

"పంపెయ్యవే," అన్నాడు.

కృపారాణి గబగబా శ్యాంబాబు గారికి పంపేసింది. చిట్టియ్య తొంగి చూశాడు. "ఇంకా ఇక్కడే ఉందేంటి?"

"అక్కడికెళ్ళింది కాపీ. మనది మన దగ్గరే ఉంటుంది."

"ఉంటే నన్ను బతకనివ్వదు. తీసెయ్."

"పిచ్చా నాన్నా? వాళ్ళేమన్నా మార్చమంటే?"

ఆమె చేతిలోంచి ట్యాబ్ లాక్కుని, ఎక్కడ నొక్కాలో అడిగి, తనే నొక్కాడు. తెల్లటి తెర మిగిలింది. కృపారాణి తల పట్టుకుంది.

కాసేపటికి సెల్లు మోగింది. స్పీకరు పెట్టింది. శ్యాంబాబు గారి గొంతు. "చిట్టియ్య గారూ, చూశానండి. బానే ఉంది. కానీ పిల్లలకి కదండీ, కొంచెం నవ్వించండి. పళ్ళు కనపడాలి."

"అవదండి. తీసేశాను."

"తీసేశారా? అదేంటండీ, ఎవరైనా తీసేస్తారా?"

"మీ గాడిద నవ్వుతానే ఉందిగా అండి. అదే వేయించేయండి."

శ్యాంబాబు గారు గొంతు తగ్గించి, "అది కాదండీ... పాస్టరు గారు చూసి, ప్రింటుకిచ్చేయమన్నారు. నవ్వు సంగతి నేనే అడిగాను. ఉంటానండి, ప్రింటు వాడు కొట్టు కట్టేస్తాడు" అని పెట్టేశారు.

సూరమ్మ "స్తోత్రం" అని వంటింట్లోకి పోయింది. కృపారాణి తండ్రి భుజం మీద ఒక్కటి చరిచింది. చిట్టియ్య లేచి గేటు దాకా వెళ్ళి, వెనక్కొచ్చాడు.

"చెవి ఇంకొంచెం వాలాల్సింది," అన్నాడు.

"ఇంక ఏం చెయ్యలేం నాన్నా."

"తెలుసులే," అని మళ్ళీ గేటు దాకా నడిచాడు.