మన పిల్ల బతికింది

దారం కొసను పంటితో కొరికి, కాజాను బొటనవేలితో ఒత్తి చూసుకుంది. దర్జీ దుకాణం వెనకగదిలో కిటికీ పక్కన ఆమె పీట నడుమ నున్నగా అరిగిపోయింది. ఊళ్లో సగం చొక్కాలకు కాజాలు ఆమె కుట్టినవే. చొక్కా తొడుక్కున్నవాడు కుట్టు చూస్తాడు గానీ కాజా ఎవడు చూస్తాడు? దుకాణంలో ఆమె పేరే కాజాలమ్మ.

ఆ రోజు మధ్యాహ్నమే సూదిని సూదుల దిండుకు గుచ్చేసింది.

“అప్పుడేనా కాజాలమ్మా?” అన్నాడు దర్జీ.

“సీరియల్ కొత్త సీజన్ వచ్చిందన్నా. మొదటి రెండు ఎపిసోడ్లూ అక్కకి చూపించాలి.”

దర్జీ నవ్వబోయి మానేశాడు. అక్కకు కడుపులో కేన్సర్ ముదిరిందనీ, ఇంటికి తీసుకెళ్లి కోరింది పెట్టమని డాక్టర్లు చెప్పేశారనీ అతనికి తెలుసు. అక్క కోరింది ఒక్కటే. పోయిన సీజన్ చివర్లో తుపాకీ గుండు తగిలి నదిలో పడ్డ ఇన్‌స్పెక్టరమ్మ బతికిందో లేదో తెలియాలి. “అది తేలకుండా నన్ను పంపకు,” అని రోజూ పోరేది, పంపడం చెల్లెలి చేతిలో ఉన్నట్టు. మొగుడు వదిలేస్తే ఏడుస్తూ వచ్చిన చెల్లెలికి అన్నం పెట్టి, చేతికి సూదిచ్చింది ఆ అక్కే.

ఇంటికి రాగానే అక్క వీపు వెనక దిళ్లు సర్ది టీవీ పెట్టింది. ఎంతసేపటికీ ఇన్‌స్పెక్టరమ్మ జాడ లేదు. స్టేషన్లో ఆమె కుర్చీలో ఇంకెవడో కూర్చున్నాడు.

“వీళ్ల దుంప తెగ, చంపేశారే!” అక్క చెల్లెలి మణికట్టు పట్టుకుంది.

చివరికి ఒక జాలరి గుడిసెలో దుప్పటి కదిలింది. ముఖం కనిపించింది.

“బతికిందే! మన పిల్ల బతికింది!” అక్క నవ్వింది, కళ్లలో నీళ్లు తిరిగేదాకా. “అంత నదిలో పడినా జుట్టు చెదరలేదు చూడు దొంగపిల్లకి!”

చెల్లెలికి గుండెల మీంచి బండ దించినట్టయింది.

రెండో ఎపిసోడ్‌లో ఒక డాక్టరు వచ్చాడు.

“మన పిల్లని కాల్చింది వీడే. మరీ మెత్తగా మాట్లాడుతున్నాడు,” అంది అక్క.

“ఆగక్కా, ఇంకా బోలెడు కథ ఉంది.”

“అది నువ్వు చూసుకో. నాకు తేలాల్సింది తేలింది.”

ఎపిసోడ్ అయ్యాక చెల్లెలు టీ పెట్టడానికి లేచింది. వెనక నుంచి “హమ్మయ్య” అని వినిపించింది. పాలు పొంగుతుంటే మంట తగ్గించింది.

గ్లాసులతో వచ్చేసరికి అక్క దిండు మీద తల వాల్చి ఉంది. నెలల తరబడి ముడిపడి ఉన్న కనుబొమలు విడిపోయాయి. పిలిచింది. ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది. పక్కన కూర్చుని, ఆ చెయ్యి ఒళ్లోకి తీసుకుని ఏడ్చింది. ఏడుపు వెనకే, సిగ్గుపడుతూ, ఊరటా వచ్చింది. ఆసుపత్రి గొట్టాలు లేవు, అరుపులు లేవు. నవ్వుతూ పోయింది.

టీవీ కట్టడానికి లేచినప్పుడు చూసింది. మంచం పక్క స్టూలు మీద, సాసర్లో, పీచు ఒక్కటి లేకుండా తీసి, తన కోసం అక్క ఒలిచిపెట్టిన కమలాతొనలు.